పొద్దుటి బుస

కరెంటు లేని చోటు కావాలని ఈ జిల్లాలో ఊరూరా తిరిగి అడిగిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను. జనమంతా ఇంకో రెండు గంటలు కరెంటు ఎక్కువ ఇమ్మని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, నేను మాత్రం మీ ఊరి పొలిమేరలో వైర్లు పోని చోటు ఎక్కడుందని అడిగేదాన్ని. కొందరు నవ్వారు. ఒకాయన నన్ను గనుల వాళ్ల మనిషిననుకుని కుక్కను వదిలాడు. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ కుక్కకీ నాకూ మధ్య ఏం జరిగిందో చెప్పను గానీ, ఆ ఊరు వదిలేశాను.

నా పేరు హేమలత. అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఎనిమిదేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నాననడం కంటే మోస్తున్నాననడం న్యాయం. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు, తరంగాలు ఒకదాన్నొకటి ఏం చేసుకుంటాయన్నది నా విషయం. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు అడిగితే ఇలా చెప్తాను. సూర్యుడి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు కొన్ని మన భూమి అయస్కాంతంలో చిక్కుకుపోతాయి. చిక్కుకుని ఊరుకోవు. ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య సుళ్లు తిరుగుతూ ఊగుతాయి, ఊగుతూనే అర్ధరాత్రి వైపు నుంచి తెల్లవారే వైపుకు జరుగుతాయి. అలా జరుగుతూ అక్కడి పలచటి ప్లాస్మాలో తరంగాలు పుట్టిస్తాయి. ఆ తరంగాలు తిరిగి ఎలక్ట్రాన్లనే పట్టుకుని కొన్నిటికి వేగం పెంచుతాయి, కొన్నిటిని దారి తప్పించి కిందున్న గాలిలోకి తోసేస్తాయి. తరంగాల్లో కొన్ని నేలదాకా దిగివస్తాయి. ఒక యాంటెనా, ఒక చిన్న పెట్టె, చెవులకు హెడ్‌ఫోన్ ఉంటే వాటిని వినొచ్చు. బుసలా ఉంటుంది. ధ్రువాల వైపు దేశాల్లోనైతే తెల్లవారుజామున పిట్టల కిలకిలలా కూడా ఉంటుందట. మనలా భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నచోట పొద్దుటి పూట అలాంటివేవీ దాదాపు వినబడవని పుస్తకాలన్నీ చెప్తాయి. ఇక్కడికొచ్చేసరికి అడిగినవాళ్లు పెరుగన్నం కలుపుకోవడం మొదలుపెడతారు.

కరెంటు వైరు దగ్గర్లో ఉంటే దాని రొదలో ఈ బుస మునిగిపోతుంది. అందుకే అంత వెతుకులాట. చివరికి మడకశిర దాటి, కన్నడం ఎక్కువగా వినబడే వైపు, ఒక గుట్ట వెనక గొర్రెల బీడు దొరికింది. కనుచూపు మేరలో స్తంభం లేదు. అక్కడున్నది ఒకే గుడిసె, తిప్పయ్యది. ఎండాకాలం రాగానే తిప్పయ్య మందను తోలుకుని కాలవ నీళ్లున్న ఊళ్ల వైపు వెళ్లిపోతాడు. ముసలి గొర్రెలనూ గొర్రెపిల్లలనూ చూసుకుంటూ ఆయన భార్య ఓబమ్మ ఉండిపోతుంది. యాభై దాటిన మనిషి. సన్నగా, ఎండిన కందికట్టెలా ఉంటుంది. ఆమె నన్ను చూసి అన్న మొదటి మాట నాకింకా గుర్తుంది.

“కరెంటు లేదని ఏడ్సేటోళ్లను చూసినా గానీ, లేదని సంబరపడేదాన్ని నిన్నే చూస్తాండా మేడమ్మా.”

పోయినేడు ఫిబ్రవరిలో అక్కడ పొడుగాటి కడ్డీ యాంటెనా నిలబెట్టాను. దాని పక్కనే ఎర్త్ గుంత తవ్వించి, రాగి కడ్డీ దించి, ఉప్పూ బొగ్గూ వేసి పూడ్పించాను. సోలార్ పలక, బ్యాటరీ, రికార్డు చేసే పెట్టె అన్నీ అమర్చాను. గొర్రెలు తీగలు కొరక్కుండా చూస్తానని ఓబమ్మ మాటిచ్చింది. ఆమె ఆ రోజంతా పక్కన నిలబడి గుంత పూడ్చడం చూసింది. ఏమీ అడగలేదు.

పదిహేను రోజులకొకసారి ఆదివారం పూట బస్సులో వెళ్లి రికార్డులు తెచ్చుకునేదాన్ని. పదకొండుకు చేరి మూడింటి బస్సుకు తిరిగొచ్చేదాన్ని. మూడో నెలలో గ్రాఫులు గీసి చూసుకుని, నమ్మలేక మళ్లీ గీశాను. రోజూ పొద్దు పొడిచే వేళకు బుస అమాంతం మూడింతలు పెరుగుతోంది. మధ్యాహ్నానికి మెల్లగా తగ్గిపోతోంది. నా ఎలక్ట్రాన్లు తెల్లవారే వైపుకు చేరే వేళ అదే. పెట్టెలో ఏదైనా లోపముందేమోనని దాన్ని విడిగా పరీక్షించాను. పెట్టె సరిగ్గానే ఉంది. చలికాలంలో పొద్దు ఆలస్యంగా పొడిస్తే బుస కూడా ఆలస్యంగానే పెరిగింది, వేసవికి మళ్లీ ముందుకు జరిగింది. గడియారం వల్ల వచ్చే తప్పయితే సూర్యుడి వెంట నడవదు కదా. ఈ అక్షాంశంలో ఎవరూ పట్టుకోని పొద్దుటి బుసను నేను పట్టుకున్నాను.

అన్నీ అంత శుభ్రంగా ఏమీ లేవు. వానలు పడిన రోజుల్లో పొద్దంతా బుస ఎక్కువగానే ఉండేది. ఉరుముల వల్ల అని రాసుకున్నాను. వాన లేని రోజుల్లో పదకొండు పొద్దులు బుస అసలు పెరగలేదు. వాటిలో ఎనిమిది, భూమి అయస్కాంతం ప్రశాంతంగా ఉన్న రోజులతో సరిపోయాయి. మిగతా మూడింటికీ ఏదో ఒక కారణం వెతికి పెట్టాను. వెతికితే కారణాలు దొరక్కపోవడమనేది ఉండదు.

థీసిస్‌లో చివరి అధ్యాయం ఇదే. దీన్ని తీసేస్తే మిగిలేది ఏడు అధ్యాయాల ఉపోద్ఘాతం. నా గడువు అప్పటికే మూడుసార్లు పొడిగించారు. ఏప్రిల్ ఆఖరుకు సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుందని యూనివర్సిటీ రాతపూర్వకంగా చెప్పేసింది. ఏప్రిల్ రెండోవారంలో అచ్చు తీయించడానికి సిద్ధంగా ఉన్న కాగితాలు పట్టుకుని మా గైడు మల్లికార్జునయ్య సార్ ఇంటికి వెళ్లాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి గ్రాఫు చాలాసేపు చూశారు.

“ప్రకృతిక్కూడా బద్ధకం ఉంటుందమ్మా. నీ బుసకి మరీ క్రమశిక్షణ ఎక్కువైంది” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. “పధ్నాలుగు నెలల డేటా సార్ అది.”

“కాదనలేదు. ఎప్పుడైనా ఆ వేళకు నువ్వు అక్కడున్నావా?”

పొద్దున జరిగేదాన్ని కనిపెట్టానని రెండు వందల పేజీలు రాసిన నేను, ఒక్క పొద్దునైనా అక్కడ లేను.

“నేను సంతకం పెడతాను. కానీ ఒక్క పొద్దు అక్కడుండి చూసిరా. చూశానని నాకు ఫోన్‌లో చెప్పు, చాలు” అన్నారు సార్.

విసుక్కుంటూనే బయల్దేరాను. ముసలాయన చాదస్తం అనుకున్నాను, దారిలో రెండుసార్లు పైకి అన్నాను కూడా. చీకటి పడేముందు ఓబమ్మ గుడిసె చేరితే, ఆమె రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. చేతులు కడుక్కోవడానికి ఒక చిన్న లోటాతో నీళ్లిచ్చింది. నేను అలవాటుగా ఇంకో లోటా అడిగాను. ఇచ్చింది. ఆ ఇవ్వడంలో ఒక క్షణం ఆలస్యం ఉందని తర్వాత తెలిసింది నాకు.

తెల్లవారుతుండగా లేచాను. ఓబమ్మ మంచం అప్పటికే ఖాళీగా ఉంది. యాంటెనా దగ్గర చాప పరుచుకుని, లాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. చెవుల్లో సన్నటి సవ్వడి, అక్కడక్కడ ఎక్కడో దూరపు మెరుపుల చిటపటలు. తూర్పు ఎర్రబడింది. పొద్దు గుట్ట పైకి వచ్చింది. స్క్రీన్ మీద గీత తిన్నగా ఉంది. పొద్దు ఇంకా పైకి లేచింది. గీత కదల్లేదు. ఈ రోజు ప్రశాంత దినమేమో అనుకున్నాను. అప్పుడు నా వెనక అడుగుల చప్పుడైంది.

ఓబమ్మ వస్తోంది. తలమీద ఒక బిందె, చంకలో ఒక బిందె. మైలు దూరంలో ఉన్న ఊరి కొళాయి నుంచి తెస్తోంది. చంకలో బిందెను గుడిసె ముందు దించింది. తలమీది బిందెతో నేరుగా నా దగ్గరికొచ్చి, నన్ను దాటి, ఎర్త్ గుంత ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నీళ్లు ఒక్క చుక్క పక్కకు పోకుండా, కడ్డీ చుట్టూ మెల్లగా పోసింది. మట్టి చప్పరించినట్టు తాగేసింది. ఆమె ఖాళీ బిందె పట్టుకుని లేచేలోపే నా చెవుల్లో బుస పెరగడం మొదలైంది. రెండు నిమిషాల్లో మూడింతలైంది. గీత నాకు కంఠతా వచ్చిన వంపులో పైకి లేచింది.

ఆకాశంలో ఏమీ మారలేదు. ఎండి బీటలిచ్చిన నేలలో నా ఎర్త్ సరిగ్గా అందక, యాంటెనాకు రాత్రంతా సగం చెవుడు. తడి తగలగానే దానికి చెవులొస్తున్నాయి. అంతే. వానరోజున పొద్దంతా బుస ఎందుకు ఎక్కువో, మధ్యాహ్నానికి ఎందుకు తగ్గుతుందో, అన్నీ ఒక్కసారిగా తెలిసిపోయాయి. ఓబమ్మ పొద్దుతో లేచే మనిషి కాబట్టి బుస కూడా సూర్యుడి వెంట నడిచింది. నేను హెడ్‌ఫోన్ లాగి పారేశాను.

“ఎవరు పొయ్యమన్నారు నిన్ను?” అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఓబమ్మ బిత్తరపోయింది. “ఎవురు చెప్పల్ల మేడమ్మా? ఎర్తుకు నీళ్లు పొయ్యాల కదా.”

“ఎప్పటి నుంచి పోస్తాండావు?”

“నువ్వు గుంత పూడ్సిపోయిన మర్నాటి నుంచి.”

నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆమె బిందె దించి, నా పక్కన నేల మీద కూర్చుంది. తప్పేదో జరిగిందని అర్థమైనట్టుంది. అడగకుండానే చెప్పింది.

“మా నాయన ఊర్లో ఒగే ట్రాన్స్‌ఫార్మరు కింద ఏడు మోటార్లు ఉండేటివి. ఎండాకాలం ఎర్తు ఎండితే మోటార్లు కాలతాయని దినానికొకరు బిందెడు నీళ్లు పొయ్యాలని వంతు పెట్టుకొన్న్యారు. మా వంతు నాడు మా నాయన సంతకు పోయి మర్సిపోయినాడు. ఆ పొద్దే మూడు మోటార్లు కాలిపోయినాయి. ఆ ఏడు మల్బరీ అంతా ఎండిపోయినాది. ఊరోళ్లు నాయనను నిలబెట్టి అడిగినారు. ఆయప్ప తలకాయి ఎత్తలేదు. నాకప్పుడు పదేండ్లు. నువ్వు ఉప్పూ బొగ్గూ ఏసేది చూసి, ఈడ వంతు నాదే కదా అనుకొంటి.”

మా ప్రాంతంలో పుట్టినవాళ్లెవరికైనా తెలిసిన సంగతే అది. నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పెరిగాను. మా క్వార్టర్ల వెనక కూడా ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ గుంతకు ఎవరో ఒకరు నీళ్లు పోస్తూనే ఉండేవారు. అయినా నాకు తట్టలేదు. ఆకాశం గురించి తప్ప దేని గురించీ ఆలోచించలేదు నేను.

“పొయ్యని దినాలు ఉన్న్యాయా?” అని అడిగాను.

“వానొచ్చిన దినాలు పొయ్యలా. ఏమిటికి పోస్తారు?”

“వాన కాకుండా?”

ఆమె వేళ్లు మడిచింది. పోయినేడు ఉగాది మర్నాడు కొళాయి రాలేదు. నల్లమచ్చ గొర్రె ఈనిన పొద్దు, పిల్ల అడ్డం తిరిగితే దాని దగ్గరే ఉండిపోయింది. శిరాలో చెల్లెలి కోడలికి బిడ్డ పుడితే పోయి రెండు దినాలుంది. మొహరం పండగకు పీర్ల దగ్గరికి పోయింది. చలికాలంలో జ్వరమొచ్చి నాలుగు దినాలు లేవలేదు. “ఆ నాలుగు దినాలూ పండుకొనే ఏడ్సినా, నీ మిసను యాడ కాలిపోతాదో అని” అంది. శివరాత్రి జాగారం చేసి పొద్దున నిద్రపోయింది. ఈ మధ్యనే ఒకరోజు కాలు బెణికింది.

నేను ఫోన్‌లో క్యాలెండర్ పెట్టుకుని తేదీలు చూశాను. లాప్‌టాప్‌లో నా పదకొండు తేదీలున్నాయి. పదకొండూ సరిపోయాయి. ప్రశాంత దినాలతో సరిపోయింది ఎనిమిదే.

ఓబమ్మ లేచి గొర్రెపిల్లలను విప్పడానికి వెళ్లింది. నేను గుట్ట ఎక్కాను, అక్కడైతేనే ఫోన్ కలుస్తుంది. ఎక్కుతూ నిజం చెప్పొద్దనే అనుకున్నాను. దాచేదేముంది, సిగ్గు పోయాక. నలభై రెండేళ్లు నాకు. ఎనిమిదేళ్ల ఆదివారాలు ఈ పనికే పోయాయి. సార్ అడిగింది చూశావా అని మాత్రమే. చూశాను సార్, పొద్దు పొడిచాక బుస పెరిగింది అంటే అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. పరీక్షకులెవరూ ఈ బీడుకి రారు. ఓబమ్మ ఎవరికి చెప్తుంది? చెప్పినా ఎవరికి అర్థమవుతుంది?

సార్ మొదటి రింగుకే ఎత్తారు.

“చూశావా?”

“చూశాను సార్. పెరిగింది.”

“మంచిది. నేను సంతకం పెట్టేస్తా అయితే.”

కిందికి చూశాను. ఓబమ్మ గుడిసె ముందున్న బిందెలోంచి లోటాతో కొలిచినట్టు నీళ్లు తీసి, సంగటి గిన్నెలో కొంచెం, గొర్రెపిల్లకు కొంచెం పోస్తోంది. మైలు దూరం నుంచి తెచ్చిన రెండు బిందెల్లో ఒకటి రోజూ నాకిచ్చేసి, మిగిలినదానితో పధ్నాలుగు నెలలు బతికింది ఆ మనిషి. నేను మాత్రం రాత్రి చేతులకు రెండో లోటా అడిగాను. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

“పెట్టొద్దు సార్” అన్నాను. అంతా చెప్పాను.

“రిజిస్ట్రేషన్ పోతుంది. తెలుసు కదా” అన్నారు చివరికి.

“తెలుసు సార్.”

“ఏడుస్తున్నావా?”

“ఆఁ.”

“ఏడువు. ఏడ్చి, రేపు కూడా అక్కడే ఉండు. నీళ్లు పోయకుండా ఒక పొద్దు చూడాలి కదా. దాన్ని చూడకుండా తప్పని కూడా రాయలేవు.”

ఆ ముసలాయన మీద నాకప్పుడు వచ్చిన కోపానికి హద్దు లేదు. ఆయన చెప్పింది నిజమని తెలిసి వచ్చిన కోపం అది.

కిందికి దిగి, రేపు నీళ్లు పోయొద్దని ఓబమ్మకు చెప్పాను. ఆమె గొర్రెపిల్ల మెడ పట్టుకుని అలాగే నిలబడింది.

“ఇన్ని దినాలు నేను పోసింది తప్పా మేడమ్మా?”

కాదని చెప్పడం ఎంత తేలికో. అయినా పొద్దున్నుంచీ అబద్ధాలతో విసిగిపోయాను. “పోసింది తప్పు కాదక్కా. ఎర్తుకు నీళ్లు పోస్తే మేలే. నువ్వు పోస్తాండావని తెలీకుండా నేను లెక్కలేసుకొన్న్యా, అది తప్పు. ఒక్కసారి కూడా నిన్ను అడగలేదు నేను. నా చదువు పోయింది దానివల్లే, నీవల్ల కాదు.”

“పొయ్యకుంటే కాలిపోతాదేమో.”

“ఈ మిషను కాలదు. మోటారు కాదిది.”

ఆమె నమ్మలేదు. ఆ రాత్రి నాకంటే ఆమే ఎక్కువ పొర్లింది. తెల్లవారి అలవాటు కొద్దీ రెండు బిందెలూ తెచ్చింది. ఒకటి గుడిసె ముందు దించి, రెండోదాన్ని ఎర్త్ గుంత పక్కన పెట్టి, దాని పక్కనే కూర్చుంది. నేను హెడ్‌ఫోన్ ఒక వైపు నా చెవికీ రెండో వైపు ఆమె చెవికీ ఆనించాను. పొద్దు పొడిచింది. సన్నటి సవ్వడి అలాగే ఉంది. పొద్దు బారెడు ఎక్కింది. గీత తిన్నగానే ఉంది. నా ఎనిమిదేళ్లు ఆ తిన్నని గీతలో కలిసిపోవడం కళ్లారా చూశాను.

ఓబమ్మ మాత్రం గీతను చూడటం లేదు. పెట్టె మీద అరచెయ్యి పెట్టి, వేడెక్కుతుందేమోనని చూస్తోంది. కాసేపటికొకసారి వంగి వాసన కూడా చూసింది. నీడ సగమయ్యేదాకా అలాగే కూర్చుని, అప్పుడు చెయ్యి తీసింది.

“కాల్లేదు” అంది. నమ్మలేక మళ్లీ ముట్టుకుంది. “పొయ్యకున్నా కాల్లేదు మేడమ్మా.”

ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

కొంతసేపటికి ఆమె బిందె వైపు చూసింది. “ఈ నీళ్లేం చేసేది?”

తలకు పోసుకోమన్నాను. తలకు పోసుకుని ఎన్నాళ్లయిందో ఆమె చెప్పలేదు, జుట్టు చూస్తే తెలుస్తూనే ఉంది. ముందు వద్దంది. తర్వాత గుడిసె వెనక్కి పోయి, కొంగు నడుముకు చుట్టి, బండమీద నా వైపు వీపు పెట్టి కూర్చుంది. నేను బిందె మోసుకెళ్లి లోటాతో ఆమె తలమీద పోశాను. ఎర్రమట్టి మెడమీదుగా కారింది. నా అలవాటు కొద్దీ గబగబా పోశాను.

“నిదానంగా పొయ్యి మేడమ్మా. ఐపోతాది.”